ఆయిల్ తగ్గలేదు కదా, మరెందుకు మార్చాలి? వ్యాక్యూమ్ పంపు లోపల జరిగేది ఇదీ

ఎండలు ముదిరిన రోజుల్లో కూకట్‌పల్లిలో మా చుట్టాల ఫ్లాట్‌లో కొత్త స్ప్లిట్ ఏసీ బిగిస్తున్నారు. రాగి పైపులు కలిపారు, ఫ్లేర్ నట్లు బిగించారు, పైపుల్లోని గాలినీ తడినీ తోడేసే వ్యాక్యూమ్ పంపును బాల్కనీలో పెట్టి ఆన్ చేశారు. నలభై నిమిషాలు గడిచాయి. లోపల ఇంకా ఎంత ఒత్తిడి మిగిలిందో చూపే మైక్రాన్ గేజ్ నా దగ్గరుంది, తగిలించి చూస్తే అంకె 1400 దగ్గర కూర్చుంది. ఎంతసేపున్నా కిందికి దిగడం లేదు. ఎక్కడో లీకుందని ఆ కుర్రాడు ఒక్కో నట్టునూ మళ్లీ మళ్లీ బిగిస్తున్నాడు. నేను వంగి పంపు పక్కనున్న చిన్న గాజు కిటికీలోకి చూశాను. లోపల ఆయిల్ పాలు ఎక్కువ పోసిన టీలా ఉంది.

"తమ్ముడూ, ఈ ఆయిల్ ఎప్పుడు మార్చావు?"

"మార్చలేదు సార్, కొన్నప్పుడు పోసిందే. తగ్గలేదు కదా, చూడండి, ఇంకా గీత మీదికే ఉంది."

ఈ మాట నేను ఏసీ మెకానిక్కుల దగ్గరే కాదు, జీడిమెట్ల, పాశమైలారం వైపు మందుల కంపెనీల్లో, కాలేజీ ల్యాబుల్లో, వ్యాక్యూమ్ ప్యాకింగ్ చేసే చోట్ల కూడా విన్నాను. ఇంజిన్‌లో ఆయిల్ తగ్గితే పోస్తాం, నల్లబడితే మారుస్తాం. అదే అలవాటు ఇక్కడికీ వచ్చింది. కానీ ఆ కుర్రాడి పంపులో ఆయిల్ గీత దాటి ఉండడానికి కారణం ఆయిల్ ఖర్చు కాకపోవడం కాదు, దాంట్లో నీళ్లు చేరడం. మట్టం పెరగడమే అక్కడ జబ్బు లక్షణం.

ఈ పంపు ఆయిల్‌ను ఎప్పుడు మార్చాలన్న ప్రశ్నకు పది గంటలనీ, మూడు వేల గంటలనీ, నల్లబడినప్పుడనీ తలా ఒకటి చెబుతారు. ఆశ్చర్యమేమిటంటే వాళ్లలో చాలామంది తమ తమ చోట సరిగ్గానే చెబుతున్నారు. అదెలాగో తెలియాలంటే ముందు పంపు ఏం చేస్తుందో, అందులో ఆయిల్ ఎందుకుందో చూడాలి.

శూన్యమంటే ఎంత శూన్యం

మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర 760 మిల్లీమీటర్ల పాదరసం. దీన్నే 1013 మిల్లీబార్లు అని కూడా అంటారు. ఒక మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. అంటే బయటి గాలి ఒత్తిడి 7,60,000 మైక్రాన్లు. ఏసీ పనిలో సాధారణంగా 500 మైక్రాన్ల కిందికి దించాలంటారు. అంటే పైపుల్లో ఉన్న గాలిలో పదిహేను వందల వంతుల్లో ఒక వంతు మాత్రమే మిగలాలి. మంచి రెండంచెల రోటరీ పంపు నోరు మూసి నడిపితే కొన్ని పదుల మైక్రాన్ల దాకా, ఇంకా కిందికి కూడా దిగుతుంది.

మెకానిక్కుల దగ్గర సాధారణంగా ఉండే మ్యానిఫోల్డ్ గేజ్ ముల్లు మైనస్ 30 అంగుళాల పాదరసం దగ్గర ఆగితే "వ్యాక్యూమ్ అయిపోయింది" అంటారు. కానీ 10,000 మైక్రాన్లంటే 10 మిల్లీమీటర్లు, అంటే 0.4 అంగుళం. ఆ గేజ్ మీద 10,000 మైక్రాన్లకూ 500 మైక్రాన్లకూ మధ్య తేడా దాదాపు ముల్లు మందమంత. పంపు పాడైన సంగతి ఏళ్ల తరబడి ఎవరి కంటా పడకపోవడానికి మొదటి కారణం ఇదే.

ఇంత లోతు ఎందుకంటారా? 30 డిగ్రీల వేడి దగ్గర నీళ్లు 32 మిల్లీమీటర్ల ఒత్తిడికే మరుగుతాయి. కాబట్టి పైపులో ఉన్న తడి ఆవిరై బయటికి రావాలంటే ఒత్తిడి అంతకంటే బాగా కిందికి దిగాలి, అక్కడ కొంతసేపు నిలవాలి. ఆర్32, ఆర్410ఏ గ్యాసుల ఏసీ కంప్రెసర్లలో సాధారణంగా వాడే పాలీయోల్ ఎస్టర్ ఆయిల్ తడిని ఇట్టే లాగేసుకుంటుంది. తడి, వేడి కలిస్తే ఆ ఆయిల్ విరిగి ఆమ్లం పుడుతుంది. అది కంప్రెసర్‌ను లోపలి నుంచి తినేస్తుంది. పంపు పెట్టకుండా, కొంచెం గ్యాస్ వదిలి గాలిని తోసేసే అడ్డదారి గాలిని కొంతవరకు పంపుతుందేమో గానీ, గోడలకు పట్టిన తడిని తీయలేదు.

ఆయిలే ఈ పంపుకు వాషరు

రోటరీ వేన్ పంపు లోపల గుండ్రటి గది ఉంటుంది. అందులో కాస్త పక్కకు జరిపి అమర్చిన రోటర్ తిరుగుతుంది. రోటర్‌లోని చీలికల్లో రెండు, మూడు పలకలుంటాయి. వీటినే వేన్లు అంటారు. తిరుగుతున్నప్పుడు ఇవి బయటికి జరిగి గది గోడను రాసుకుంటూ పోతాయి. ఒక వైపు జాగా పెరుగుతూ గ్యాస్‌ను లోపలికి లాగుతుంది, రెండో వైపు జాగా తగ్గుతూ దాన్ని నొక్కి, వాల్వ్ తెరిచి బయటికి పంపుతుంది.

లోహం లోహానికి ఎంత నున్నగా అరగదీసినా, మధ్యలో వెంట్రుక మందం కంటే సన్నని సందు ఉండి తీరుతుంది. గాలికి ఆ సందు చాలు. ఆ సందును మూసేది ఆయిల్. వేన్ అంచు దగ్గర, రోటర్‌కూ గోడకూ మధ్య, రెండు పక్కల పలకల దగ్గర, వాల్వ్ కింద మిగిలిపోయే చిన్న ఖాళీలో, అన్నిచోట్లా ఆయిలే అడ్డుగా నిలుస్తుంది. దాంతోపాటు రాపిడి తగ్గిస్తుంది, వేడిని మోసుకుపోతుంది, తుప్పు పట్టకుండా కాపాడుతుంది. కానీ అసలు పని మాత్రం మూత వేయడం.

ఇంజిన్‌తో పోలిక ఇక్కడే తప్పుతుంది. ఇంజిన్‌లో ఆయిల్ కాస్త పాడైతే అరుగుదల పెరుగుతుంది, అది నెలల మీద బయటపడుతుంది. వ్యాక్యూమ్ పంపులో ఆయిల్ చెడితే ఫలితం అదే నిమిషంలో కనిపిస్తుంది. ఎందుకంటే ఆయిల్ ఒక పక్క బయటి గాలిని, మరో పక్క శూన్యాన్ని తాకుతుంది. బయటి వైపున అందులో ఏది కరిగినా, నీళ్లు గానీ, ఆసిటోన్ గానీ, శూన్యం వైపుకు రాగానే ఆవిరై పైకి లేస్తుంది. పంపు తాను తోడాల్సిన ఆవిరిని తానే పుట్టిస్తుంటుంది. ఎంత తిప్పినా ఆ ఆయిల్ ఆవిరి ఒత్తిడి కంటే కిందికి దిగలేదు.

మామూలు ఇంజిన్ ఆయిల్ పోయకూడదనడానికీ కారణం ఇదే. దానిలో మసిని కరిగించి పట్టి ఉంచే డిటర్జెంట్లు, తేలిగ్గా ఆవిరయ్యే భాగాలు ఉంటాయి. పంపు ఆయిల్‌ను స్వేదనం చేసి ఆ తేలిక భాగాలు తీసేస్తారు. జిడ్డుదనం ఒకటేలా ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు.

ఆవిరిగా వెళ్లింది, నీళ్లయి కూర్చుంది

నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. దీన్ని పట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే తేలిపోతాయి.

పంపు 10 మిల్లీబార్ల దగ్గర నీటి ఆవిరిని పీలుస్తోందనుకుందాం. దాన్ని బయటికి తోయాలంటే వాల్వ్ తెరుచుకోవాలి. వాల్వ్ తెరుచుకోవాలంటే లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడిని, అంటే సుమారు 1000 మిల్లీబార్లను దాటాలి. పది నుంచి వెయ్యికి, అంటే వంద రెట్లు నొక్కాలి. గాలి అయితే ఇబ్బంది లేదు, నొక్కినకొద్దీ నలుగుతుంది. నీటి ఆవిరి అలా కాదు. ఒక్కో వేడి దగ్గర దానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటి నొక్కితే ఒత్తిడి పెరగదు, ఆవిరే నీళ్లుగా మారిపోతుంది. 70 డిగ్రీల దగ్గర ఆ హద్దు 312 మిల్లీబార్లు. అంటే వంద రెట్లు నొక్కాల్సిన చోట ముప్పై ఒక్క రెట్లు నొక్కేసరికే చుక్కలు పడతాయి. ఆ చుక్కలు వాల్వ్ దాకా పోవు, ఆయిల్‌లో కలిసిపోతాయి.

పంపు ఇంకా వేడెక్కలేదు, 30 డిగ్రీల దగ్గరే ఉంది అనుకోండి. అప్పుడు హద్దు 42 మిల్లీబార్లు మాత్రమే. నాలుగు రెట్లు నొక్కితే చాలు, నీళ్లు. చల్లటి పంపును ఆన్ చేసిన వెంటనే తడి పనికి తగిలిస్తే ఆయిల్ అంత త్వరగా ఎందుకు పాలలా మారుతుందో ఈ రెండు అంకెలే చెబుతాయి. ఇరవై నిమిషాలు నోరు మూసి ఊరికే నడిపి వేడెక్కనివ్వాలని పాతవాళ్లు అనేది అందుకే.

దీనికి విరుగుడు కనిపెట్టినవాడు వోల్ఫ్‌గాంగ్ గేడే అనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త, 1935లో. ఆలోచన చాలా సులువు. నొక్కే గదిలోకి బయటి నుంచి కొద్దిగా పొడి గాలిని వదలాలి. ఆ గాలి 700 మిల్లీబార్ల వంతు మోస్తే, ఆవిరి వంతు 300 దగ్గర ఉండగానే మొత్తం 1000 అయి వాల్వ్ తెరుచుకుంటుంది. ఆవిరి 312 హద్దును తాకకముందే గాలితో కలిసి బయటపడుతుంది. దీన్ని గ్యాస్ బలాస్ట్ అంటారు. ఏసీ పంపుల మీద కూడా చాలావాటికి ఒక చిన్న బిరడా రూపంలో ఇది ఉంటుంది. నేనడిగిన మెకానిక్కుల్లో చాలామంది దాన్ని ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు. అది ఎందుకుందో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు.

బలాస్ట్‌తో చిక్కు కూడా ఉంది. అది తెరిచి ఉన్నంతసేపూ పంపు తన అట్టడుగు వ్యాక్యూమ్‌కు చేరలేదు, ఎందుకంటే మనమే గాలి వదులుతున్నాం. ఆయిల్ తుంపర (మిస్ట్) కూడా బయటికి ఎక్కువగా వస్తుంది. అందుకే తడి ఎక్కువున్న మొదటి దశలో తెరవడం, తర్వాత మూయడం ఆనవాయితీ. ఇక మండే స్వభావమున్న సాల్వెంట్ (ద్రావకం) ఆవిర్లు వచ్చే చోట బయటి గాలిని వదలడం ప్రమాదం. అక్కడ బలాస్ట్‌కు నైట్రోజన్ కలుపుతారు.

గంటలు అవే, నీళ్లు ఇరవై ఆరు రెట్లు

ఒక గ్రాము నీళ్లంటే దాదాపు ఇరవై చుక్కలు. అదే గ్రాము ఆవిరై 1 మిల్లీబార్ ఒత్తిడి దగ్గర ఉంటే దాదాపు 1350 లీటర్ల జాగా ఆక్రమిస్తుంది. నిమిషానికి 100 లీటర్లు లాగే పంపుకు ఆ ఒక్క గ్రామును మింగడానికే పదమూడు నిమిషాలకు పైగా పడుతుంది.

ఇప్పుడు ఒక ల్యాబులో ఫ్రీజ్ డ్రయర్ తీసుకుందాం. గడ్డకట్టిన పదార్థంలోంచి నీళ్లు ఆవిరై లేస్తాయి. మధ్యలో చల్లటి కాయిల్ మీద మంచుగా పేరుకుంటాయి. పట్టుబడకుండా మిగిలింది పంపులోకి పోతుంది. కాయిల్ మైనస్ 50 డిగ్రీల్లో ఉంటే మంచు మీది ఆవిరి ఒత్తిడి దాదాపు 0.04 మిల్లీబార్. నిమిషానికి 100 లీటర్ల పంపు రోజంతా నడిస్తే దాని గొంతు దిగేది మహా అయితే నాలుగు గ్రాముల నీళ్లు. బలాస్ట్ కాసేపు తెరిస్తే అవి కూడా పోతాయి.

కాయిల్‌ను చల్లబరిచే మిషన్‌లో గ్యాస్ తగ్గి, మైనస్ 20 దగ్గరే ఆగిపోయిందనుకోండి. అక్కడ ఆవిరి ఒత్తిడి 1.03 మిల్లీబార్. అదే పంపు, అదే 24 గంటలు. ఇప్పుడు లోపలికి చేరేది దాదాపు 110 గ్రాములు. లీటరు ఆయిల్ పట్టే పంపులో అరగ్లాసు నీళ్లు కుమ్మరించినట్టు.

నేను పనిచేసిన ఒక చోట సరిగ్గా ఇదే జరిగింది. రిజిస్టర్‌లో "ఆయిల్ చేంజ్: మూడు నెలలకోసారి" అని రాసి ఉంది, గడువుకు ఇంకా ఏడు వారాలుంది. సోమవారం పొద్దున గాజు కిటికీలో కింద తేటగా ఒక పొర, పైన పలుచని మజ్జిగలా ఇంకో పొర కనిపించాయి. శని, ఆదివారాలు పంపు ఆగి ఉండటంతో నీళ్లు అడుగుకు దిగాయి. పంపు విప్పితే వేన్ల చీలికల్లో ఎర్రటి తుప్పు వేలికి అంటింది. మేం తేదీని నమ్ముకున్నాం, ఆయిల్‌లోకి ఏం పోయిందో చూసుకోలేదు. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా ఎన్ని రోజులైందని అడగను, ఏం తోడారు అనే అడుగుతాను.

రంగు నిజం చెబుతుంది, సగమే చెబుతుంది

పాలలా తెల్లబడితే నీళ్లు. అందులో సందేహం లేదు. టీ రంగు నుంచి ముదురు గోధుమకూ నలుపుకూ పోతుంటే వేడికి ఆయిల్ ఆక్సిజన్‌తో కలిసి చెడుతోందని, లేదా దుమ్ము, అరిగిన పొడి చేరుతోందని. పంపు చుట్టూ వేడి పెరిగితే ఈ పని వేగంగా జరుగుతుంది. ఆయిల్ వేడి పది డిగ్రీలు పెరిగితే అది చెడే వేగం దాదాపు రెట్టింపవుతుందని లూబ్రికేషన్ పనిలో ఒక లెక్క ఉంది. మే నెలలో రేకుల షెడ్డు కింద, గోడకు ఆనించి పెట్టిన పంపుకు, జనవరిలో కుదిరిన గడువే కుదరాలని లేదు. బయటికి పోయే దారిలోని ఆయిల్ మిస్ట్ ఫిల్టర్ మూసుకుపోయినా ఇదే ఫలితం. వెనక ఒత్తిడి పెరిగి పంపు కాలిపోతుంటుంది.

ఇక రంగు చెప్పనిది. మందుల కంపెనీల్లో ట్రే డ్రయర్ల నుంచి మిథనాల్, ఆసిటోన్, ఇథైల్ ఎసిటేట్ లాంటివి వస్తాయి. ఇవి ఆయిల్‌లో కరిగిపోతాయి. రంగు మారదు, తేటగా బంగారు రంగులోనే ఉంటుంది. మట్టం మాత్రం మెల్లగా పెరుగుతుంది. ఆయిల్ పలుచబడుతుంది. రెండు వేళ్ల మధ్య రుద్దితే పట్టు ఉండదు, మూత తీస్తే సాల్వెంట్ వాసన కొడుతుంది. పలుచబడ్డ ఆయిల్ సందులను మూయలేదు, వేన్లను కాపాడలేదు. హైడ్రోజన్ క్లోరైడ్ లాంటి ఆమ్ల ఆవిర్లు వచ్చినా కంటికి కనిపించేదేమీ ఉండదు. కనిపించేసరికి రోటర్ మీద గుంటలు పడి ఉంటాయి. అలాంటి చోట తేటగా ఉన్న ఆయిల్‌ను చూసి ధైర్యపడకూడదు.

మరోవైపు, కొంచెం ముదిరిన రంగున్న ఆయిల్ నిక్షేపంగా పనిచేస్తుండవచ్చు. రంగును మాత్రమే చూసే అలవాటు రెండు వైపులా మోసం చేస్తుంది.

చెవి కూడా పనికొస్తుంది. పంపు గాలి లాగుతున్నంతసేపూ గుడగుడమంటుంది. బాగా లోతుకు దిగాక టక్ టక్ మని క్రమంగా కొట్టే శబ్దం వస్తుంది. కొత్తవాళ్లు దీన్ని విని పంపు పాడైందని ఆపేస్తారు. అది నిజానికి మంచి సూచన. మధ్యలో మెత్తగా అడ్డుపడే గ్యాస్ మిగలలేదు కాబట్టి ఆయిల్ నేరుగా వాల్వ్‌కు కొట్టుకుంటోంది. నోరు మూసి ఎంతసేపు నడిపినా ఎప్పుడూ వినే ఆ శబ్దం రాకపోతే అప్పుడు అనుమానించాలి.

గేజ్‌ను పంపుకే తగిలిస్తే

వాదన తెగేది ఇక్కడ. ఏసీ, డ్రయర్, పైపులు అన్నీ తీసేసి, పంపు నోటికి నేరుగా గేజ్ బిగించి, వేడెక్కేదాకా నడిపితే పంపు ఒంటరిగా ఎంత లోతుకు దిగగలదో తెలుస్తుంది. దీన్ని బ్లాంక్ ఆఫ్ పరీక్ష అంటారు. కొత్త ఆయిల్‌తో ఈ అంకె ఎంతో రాసి పెట్టుకున్నవాళ్లకు తర్వాత ఊహించాల్సిన పని ఉండదు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. కొత్త ఆయిల్ రోజున 30 మైక్రాన్లు. నెల తర్వాత 250. బలాస్ట్ తెరిచి అరగంట నడిపి, మూసి చూస్తే 60కి దిగింది. అంటే ఆయిల్‌లో ఉన్నది తడి, అది చాలావరకు పోయింది, ఇప్పుడే మార్చనక్కరలేదు. అలా కాకుండా బలాస్ట్ తర్వాత కూడా 240 దగ్గరే ఉంటే, బలాస్ట్ తీయలేనిదేదో ఆయిల్‌లో ఉంది. డీఎంఎఫ్ లాంటి ఎక్కువ వేడికి గానీ మరగని సాల్వెంట్ కావచ్చు, ఆయిలే విరిగిపోయి ఉండవచ్చు. అప్పుడు మార్చాలి. మార్చాక 30కి వస్తే సరే. కొత్త ఆయిల్ పోశాక కూడా 200 దాటే ఉంటే తప్పు ఆయిల్‌ది కాదు. వేన్లు, వాల్వ్, షాఫ్ట్ సీల్, లేదా నోటి దగ్గరి ఓ-రింగ్ అనే రబ్బరు చుట్టు చూడాలి. ఒకోసారి గేజ్ సెన్సర్‌కే ఆయిల్ అంటి తప్పు అంకె చూపిస్తుంది. కాబట్టి పంపును తిట్టేముందు గేజ్‌ను ఒకసారి శుభ్రం చేసి చూడటం న్యాయం.

బాల్కనీలో మేం చేసింది అదే. హోసు విప్పి గేజ్ నేరుగా పంపుకు బిగించాం. 1300. అంటే ఏసీ పైపుల్లో లీకు ఉందో లేదో చెప్పే స్థితిలో ఆ పంపు అసలు లేదు.

పది గంటలా, మూడు వేల గంటలా

ఏసీ పనికి పంపులు తయారుచేసేవాళ్లలో చాలామంది ప్రతి పని తర్వాత గానీ, పది గంటల వాడకానికి గానీ ఆయిల్ మార్చమంటారు. ల్యాబు పంపుల పుస్తకాల్లో కొత్త పంపుకు మొదటి వంద గంటలకోసారి, ఆ తర్వాత శుభ్రమైన పనిలో రెండు మూడు వేల గంటలకోసారి అని ఉంటుంది. రెంటికీ మధ్య వందల రెట్ల తేడా.

ఏసీ పంపు వైపు వాదన బలమైనదే. దాంట్లో పట్టేది 200 నుంచి 400 మిల్లీలీటర్ల ఆయిల్. అరగంట నడిచి ఆగుతుంది, పూర్తిగా వేడెక్కదు, బండి వెనక ఊగుతూ ఇంకో ఇంటికి పోతుంది, అక్కడ మళ్లీ తడి గాలి. లోపలికి చేరిన నీళ్లకు బయటపడే సమయమే దొరకదు. ల్యాబు పంపు వైపు వాదనా అంతే నిజం. లీటరు, రెండు లీటర్ల ఆయిల్, నెలల తరబడి ఆగకుండా 70 డిగ్రీల వేడిలో నడుస్తుంది, లాగేది చాలావరకు పొడి గ్యాస్. చేరిన కొద్దిపాటి తడిని తానే ఆరబెట్టుకుంటుంది.

మెకానిక్ వైపు నుంచి కూడా చూడాలి. లీటరు ఆయిల్ 600 రూపాయలనుకుందాం, పంపుకు 300 మిల్లీలీటర్లు. ఒక మార్పుకు 180. సీజన్‌లో రోజుకు నాలుగు ఏసీలు బిగిస్తే, ప్రతి పనికీ మార్చాలంటే రోజుకు 720 రూపాయలు అతని జేబులోంచి పోవాలి. ఇన్‌స్టలేషన్‌కు ఇంత అని ముందే ధర తేల్చుకున్నవాడికి అది చిన్న మొత్తం కాదు. "పుస్తకంలో అలాగే రాస్తారు సార్, ఆయిల్ అమ్ముకోవడానికి" అని వాళ్లనే మాటలో బాధ ఉంది, కొంత నిజం ఉండనూవచ్చు. నా మట్టుకు నాకు పొద్దున మొదటి పనికి ముందు పది నిమిషాల బ్లాంక్ ఆఫ్ పరీక్ష ఈ రెండు వాదాలకూ మధ్య న్యాయంగా తోస్తుంది. అంకె బాగుంటే ఆయిల్ ఉంచుకోవచ్చు. మురికి సిస్టమ్ మీద, కంప్రెసర్ కాలిపోయిన సిస్టమ్ మీద పెట్టినప్పుడు మాత్రం అంకె చూడకుండానే మార్చాలి, అందులో ఆమ్లం ఉంటుంది.

పని అయ్యాక పంపును వెంటనే ఆపాలా, బలాస్ట్‌తో ఇంకాసేపు నడపాలా అన్నది మరో తగువు. నడిపితే కరెంటు, అరుగుదల. ఆపితే తడి ఆయిల్ చల్లబడి, లోహం మీద రాత్రంతా నీళ్లు నిలుస్తాయి. తడి పని చేసిన రోజున ఒక అరగంట నడపడం తుప్పుతో పోలిస్తే చవక. పొడి పని అయితే ఆ అవసరమే లేదు.

కరెంటు పోయినప్పటి సంగతి కూడా మన ప్రాంతాల్లో మరవకూడదు. లైన్‌లో వ్యాక్యూమ్ ఉండగా పంపు ఆగితే, ఆయిల్ వెనక్కి పైపులోకి ఎగబాకవచ్చు. మంచి పంపుల్లో దాన్ని ఆపే వాల్వ్ ఉంటుంది. చవక పంపుల్లో ఉండకపోవచ్చు, ఉన్నా మురికి పట్టి పనిచేయకపోవచ్చు.

ఒకసారి పారబోస్తే పాతది పోదు

పంపును వేడిగా ఉన్నప్పుడు ఖాళీ చేసినా వేన్ల చీలికల్లో, ఆయిల్ దారుల్లో కొంత మిగిలే ఉంటుంది. పదో వంతు మిగిలిందనుకుందాం. కొత్త ఆయిల్ పోస్తే మలినం పది శాతం మిగులుతుంది. కాసేపు నడిపి మళ్లీ ఖాళీ చేసి మళ్లీ పోస్తే ఒక శాతం. బాగా పాలలా మారిన పంపుకు ఒక్క మార్పుతో ఎందుకు గుణం కనిపించదో ఈ లెక్క చెబుతుంది. మధ్యలో కడగడానికి కిరోసిన్ గానీ పెట్రోల్ గానీ వాడేవాళ్లున్నారు. మిగిలిన కిరోసిన్ కొత్త ఆయిల్‌లో కరిగి మళ్లీ మొదటికే తెస్తుంది, సీల్ రబ్బర్లను ఉబ్బిస్తుంది. కడగడానికీ ఆ పంపు ఆయిలే సరైనది.

ఆయిల్ రకాల విషయంలో ఒక్క హెచ్చరిక చాలు. గాలిలో ఉన్నదాని కంటే ఎక్కువ పాళ్లలో ఆక్సిజన్‌ను తోడే పంపులో మామూలు మినరల్ ఆయిల్ పేలుడుకు దారితీయవచ్చు. అక్కడ పీఎఫ్‌పీఈ అనే ఫ్లోరిన్ ఆయిల్ వాడతారు. అది చాలా ఖరీదు. మినరల్ ఆయిల్‌తో అసలు కలవదు, కాబట్టి పంపును పూర్తిగా విప్పి శుభ్రం చేయకుండా ఒకదాని బదులు ఇంకొకటి పోయడం కుదరదు.

అసలు ఆయిలే లేని డయాఫ్రమ్, స్క్రోల్, డ్రై స్క్రూ పంపులకు మారితే ఈ బెడదే ఉండదు కదా అంటారు. ఆయిల్ బెడద పోతుంది. స్క్రోల్ పంపులో చివరి సీళ్లు అరుగుతాయి, డయాఫ్రమ్ పొరలు చిరుగుతాయి, మొదటి ఖర్చు ఎక్కువ. సాల్వెంట్లు రోజంతా లాగే ఫ్యాక్టరీకి డ్రై స్క్రూ గిట్టుబాటు కావచ్చు. మందుల కంపెనీల్లో వాడే వాటర్ రింగ్ పంపుకు ఆయిల్ బదులు నీళ్లే మూత. కాబట్టి ఆ నీటి ఆవిరి ఒత్తిడే దాని హద్దు. 15 డిగ్రీల నీళ్లతో 33 మిల్లీబార్ల దాకా దిగే పంపు, మన ఎండాకాలంలో నీళ్లు 35 డిగ్రీలకు చేరితే 56 మిల్లీబార్ల కంటే కిందికి పోలేదు. మూత వేసే ద్రవాన్ని దాటి ఏ పంపూ దిగదన్న సూత్రం అక్కడా అదే.

బాల్కనీకి వస్తే, ఆ కుర్రాడి పెట్టెలో అదృష్టవశాత్తు సీలు తీయని లీటరు డబ్బా ఒకటి ఉంది. పంపు ఇంకా వేడిగానే ఉంది. అడుగునున్న నట్టు విప్పితే ముందు నీళ్లలాంటిది జర్రున కారింది, తర్వాత మజ్జిగ. ఒకసారి పోసి పది నిమిషాలు బలాస్ట్‌తో నడిపి వంచేశాం. రెండోసారి వచ్చినది లేత గోధుమ రంగులో ఉంది. మూడోసారి పోసి నోరు మూసి చూస్తే 45 మైక్రాన్లు. ఏసీకి తగిలిస్తే పాతిక నిమిషాల్లో 380. వాల్వ్ మూసి పదిహేను నిమిషాలు వదిలితే 520 దగ్గర నిలిచింది, పైకి పోలేదు. నట్లలో ఏ లీకూ లేదు.

పాత ఆయిల్ రెండు నీళ్ల సీసాల్లో నిండింది. అతను వాటిని పట్టుకుని బాత్‌రూమ్ వైపు నడిచాడు. ఆపాను. వాడేసిన ఆయిల్ మన దేశంలో 2016 నాటి నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం, గుర్తింపు ఉన్న రీసైక్లర్‌కు చేరాలి. మోరీలో పోస్తే అది చెరువు దాకా పోతుంది. ఒక్కడు రెండు సీసాలు పట్టుకుని రీసైక్లర్ దగ్గరికి పోలేడన్నదీ నిజమే. అతని షాపు పక్కనే బండ్ల సర్వీస్ సెంటర్ ఉందని, అక్కడ పాత ఆయిల్ పోసే డ్రమ్ము ఉంటుందని తనే గుర్తు తెచ్చుకున్నాడు. సీసాల మూతలు గట్టిగా బిగించి, పాత గుడ్డలో చుట్టి, పంపు పక్కన నిలబెట్టి పెట్టుకున్నాడు.